అక్క మిషన్‌లో పోయిన సున్నా

నా మాటలోంచి ఒక సున్నాను తీసేశారు. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. తీసేసి, పైగా ‘సరిదిద్దాము’ అని రాసుకున్నారు. తప్పు చేసినవాణ్ని సరిదిద్దితే ఒక తీరు. నేను బతికుండగా, నా నోట్లో పళ్లుండగా, మా అమ్మ నేర్పిన మాటను నాకే సరిదిద్దిన సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ నాకు అన్నం సగంలో ఆగిపోతుంది.

ఆ రోజుల్లో అంటే మరీ వెనకటి ముచ్చట కాదు. తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. నల్లగొండలో నా రేడియో, టీవీ రిపేరు దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్న కొత్త. అప్పుడు నాకు రెండోసారి పడుచుతనం వచ్చింది. (నవ్వకండి. మొదటి పడుచుతనమంతా ఇతరుల రేడియోలు విప్పడంలోనే పోయింది, నాది నాకు చేతికే రాలేదు.) ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. రేడియో పెట్టె వెనక అట్టకు అంటించిన నక్షాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే నాకు ‘వాల్యూమ్’, ‘ఎర్త్’ లాంటి మాటలు ముందు వచ్చాయి. ‘ప్లీజ్’, ‘థాంక్యూ’ చాలా ఆలస్యంగా వచ్చాయి, ఇప్పటికీ సరిగ్గా రాలేదని మా ఇంటామె అంటుంది. అట్లాంటి నేను, పాత విడిభాగాలు పోగేసి ఒక కంప్యూటర్ తయారు చేసుకుని, దాని ముందు కూర్చుని ఇరవై ఏళ్ల పిల్లగాడిలాగ రోజులు గడుపుతున్నప్పుడు మా అక్క పడింది.

అక్కది కట్టంగూర్. పెళ్లయిన నాటి నుంచి గొర్లు, మేకలే ఆమె లోకం. వయసు మీద పడ్డాక గొర్లను వదిలేసి నాలుగైదు మేకలు మాత్రం ఉంచుకుంది. ఆ వానాకాలం మేకల కొట్టం మెట్టు మీద జారి, కుడిచేయి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన తర్వాత చేయి తిన్నగానే ఉంది కానీ వేళ్లు ముడుచుకోవు. నల్లగొండ దవాఖానలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒక మెత్తటి చెండు చేతిలో పెట్టి, “పెద్దమ్మా, రోజూ దీన్ని ఒత్తాలె. లేకుంటే వేళ్లు బిర్రుగైపోతయ్, మళ్ల వంగయ్” అని చెప్పింది. అక్క ఆ చెండును చూసిన చూపు నేను మరిచిపోలేను. ఇంటికి రాగానే దాన్ని గూట్లో పడేసింది. “పొదుగు వట్టిన చెయ్యిరా ఇది. సంటిపిల్ల లెక్క చెండు వట్టుకొని అరుగు మీద కూసుంటే ఊరు నవ్వదా?” అంది. అక్కడ తెల్లమేక ఒకటి ఉంది. అక్క చేయి తప్ప ఇంకొకరి చేయి తగిలితే తన్నుతుంది. తను పాలు పిండలేక, ఇంకొకరిని ఆ మేక పిండనివ్వక, అక్క మాట పెంకెగా ఉన్నా మనసు లోపల కుంగిపోతున్నదని నాకు తెలుసు. ఆ చేయి పోతే ఆమెకు తనను తాను ఏమని పిలుచుకోవాలో తెలియదు.

అక్క కొడుకు, అంటే నా మేనల్లుడు, షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పని చేస్తాడు. అతని దగ్గర అరచేతంత మిషన్ ఒకటి ఉండేది. పాతకాలపు వీడియో ఆటలన్నీ అందులో దూర్చి అమ్ముతారు. ముందు అద్దం, ఎడమ పక్క నాలుగు దిక్కుల మీట, కుడి పక్క బొత్తాలు. కొన్న మోజు తీరాక అది అతని బీరువాలో పడి ఉంది. ఒక ఆదివారం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. “అవ్వా, చెండు ఒద్దంటివి గదా, గిది ఒత్తు” అన్నాడు. ఆమె ఒత్తింది. అద్దం మీద బొమ్మలే బొమ్మలు. వేలకొద్దీ ఆటలు, రంగురంగుల అట్టలు, అన్నీ ఇంగ్లీషులో, కొన్ని చైనా రాతలో, పై నుంచి డప్పు మోత లాంటి పాట. ఒక్క బొత్తం ఎక్కువ నొక్కితే ఎక్కడికో పోతుంది, తిరిగి రావడం తెలియదు. అక్క దాన్ని దూరంగా పట్టుకుని, “గిదేందిరా, గొర్లంగడి తీరుగున్నది. ఏది ఎవనిదో ఎట్ల ఎర్కైతది? నాకు నా మంద సాలు” అంది.

ఆ మాట నా తలలో పడింది. నా మంద నాకు చాలు. పాత రేడియోకు రెండే తిరుగుడు మీటలుండేవి, ఒకటి గొంతుకు, ఒకటి ఊరికి. వాటితోనే జనం లోకమంతా విన్నారు. మిషన్ తెరవగానే మొదట కనబడి, ఏ ఆట ఎక్కడుందో చూపించే భాగాన్ని లాంచర్ అంటారని అప్పటికే చదివి ఉన్నాను. మిషన్‌తో పాటు వచ్చిన లాంచర్ తీసేసి వేరేది పెట్టుకోవచ్చునని, అందులో బొమ్మలు, పాటలు, హంగులు ఏమీ లేకుండా నల్లటి అద్దం మీద తెల్లటి పేర్లు మాత్రమే చూపించే రకాలు ఉన్నాయని కూడా వెతికి తెలుసుకున్నాను. ఎవరో దూరదేశపాయన ఊరికే చేసి లోకానికి వదిలిపెట్టాడు. అతనెవరో నాకు తెలియదు కానీ చదవగానే, ఈయన కూడా ఎప్పుడో రేడియో విప్పినవాడే అయి ఉంటాడనుకున్నాను.

ఇక పని మొదలుపెట్టాను. చేతి గోరంత మెమొరీ కార్డు. దాన్ని శుభ్రంగా చెరిపి, కొత్త ఫైళ్లను ‘కార్డు రూట్‌లో’ పెట్టమని ఇంగ్లీషులో రాసి ఉంది. రూట్ అంటే వేరు అని నా నిఘంటువు. గోరంత కార్డుకు వేరు ఎక్కడుంటుంది? చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. చివరకు లోపల ఎక్కడో అడుగున ఉంటుంది కాబోలని, ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ చేసి, అన్నిటికంటే అడుగున భద్రంగా పాతిపెట్టాను. మిషన్‌లో వేస్తే నల్లటి అద్దం. హంగులు లేనిదని రాశారు కానీ మరీ ఇంత హంగులు లేనిదా అనుకున్నాను. అలవాటు కొద్దీ వీపు మీద ఒకటి చరిచాను. (ఆ దెబ్బకు ఎన్ని టీవీలు లేచి కూర్చున్నాయో మీకు తెలియదు.) అది లేవలేదు. మేనల్లుడికి ఫోన్ చేస్తే విషయమంతా విని పడి పడి నవ్వాడు. “మామా, గది రేడియో గాదు, కొట్టకు. రూట్ అంటే అడుగు గాదు, అన్నిటికంటె మీద. బయటనే పెట్టు.” చెట్టుకు వేరు కింద ఉంటుంది, వీళ్ల కార్డుకు వేరు మీద ఉంటుంది. సరే, వాళ్ల లోకం. తీసి పైన పెట్టాను. మిషన్ లేచింది. తెల్లటి అక్షరాలు, చప్పుడు లేదు, బొమ్మ లేదు. నా జన్మలో మొదటి రేడియో పలికిన రోజున కూడా నేను అంత పొంగిపోలేదు.

ఆ లాంచర్‌లో ఒక గొప్ప సుఖం ఉంది. కార్డు మీద ఫోల్డర్‌కు మనం ఏ పేరు పెడితే అద్దం మీద అదే పేరు కనబడుతుంది. వేల ఆటలు తీసేసి కొన్నే ఉంచాను. పై నుంచి ఇటుకలు పడుతుంటే కింద సందు లేకుండా పేర్చే ఆటకు ‘గోడ కట్టుడు’ అని, ఒక జంతువు గుంతలు దాటే ఆటకు ‘దుంకుడు’ అని పేర్లు పెట్టాను. అక్క చదువు రాత్రిబడి చదువు. ఒక్కో అక్షరాన్ని పైకి పలికి, కూడబలుక్కుని, అర్థం తెలిశాక తలాడిస్తుంది. కాబట్టి ఆమె నోట్లో ఉన్న మాటే అద్దం మీద ఉండాలి. పేర్లయితే నా చేతిలో ఉన్నాయి. కానీ ఆడు, ఆపు, దాచు లాంటి లోపలి మాటలు సాఫ్ట్‌వేర్ కడుపులో ఉంటాయి. ఏ భాషవాళ్లు ఆ భాష మాటలు రాసి పంపితే ఆ దూరదేశపాయన లోపల చేరుస్తాడు. తెలుగు జాగా ఖాళీగా ఉంది. నేను నింపాను. మిషన్ ఆటను ఉన్నచోటే ఆపి, అద్దం ఆర్పేసి విశ్రాంతి తీసుకునే బొత్తానికి ఇంగ్లీషులో ‘స్లీప్’ అని ఉంది. దానికి నేను ‘పండుకో’ అని రాశాను. ఇంకేం రాస్తాను? మా ఇంట్లో పిల్లలు పండుకుంటారు, మేకలు పండుకుంటాయి, మబ్బు పట్టిన రోజు మా నాయిన కూడా పగలే పండుకునేవాడు. కొద్ది రోజులకు ఆ లాంచర్‌కు కొత్త విడత, అంటే కొత్త వెర్షన్, వచ్చింది. అందులో నా మాటలు అచ్చంగా ఉన్నాయి. లోకంలో ఎవరైనా ఆ మిషన్‌ను తెలుగులో తెరిస్తే మా ఊరి మాట పలుకుతుందన్న మాట! ఆ పూట మా ఇంటామెకు అద్దం చూపించి, “సూడు, నా మాట లోకమంత పోయింది” అన్నాను. “నీ మాట ఇంట్లనే ఎవ్వరు ఇంటలేరు, లోకమన్న ఇననియ్యి” అంది.

అక్క ఆడింది. ముందు బొటనవేలు ఒక్కటే కదిలేది. తర్వాత చూపుడువేలు. పడే ఇటుకను తిప్పడానికి తొందరపడి, నొప్పి మరిచిపోయి ఒత్తేది. ఆట చాలనుకున్నప్పుడు “పం... డు... కో” అని చదివి, బొత్తం నొక్కి, మిషన్ వీపు మీద రెండుసార్లు నిమిరి, “పండు బిడ్డా, పొద్దుగాల లేపుత” అనేది. ఒక్కటే చిక్కు. ఆ విడతలో మిషన్ పండుకుంటే ఒక్కోసారి లేచేది కాదు. ఆడిన ఆటంతా పోయేది. “గిది నీ లెక్కనేరా తమ్మీ, ఒకపారి పండుకుంటే ఎవలు లేపినా లేవది” అని నన్ను దెప్పేది. తర్వాతి విడతలో ఆ లోపం సరిచేశామని రాయగానే నేను సంబరంగా దింపుకుని, కట్టంగూర్ పోయి, కార్డులో వేసి ఇచ్చాను. మిషన్ చక్కగా పండుకుంది, చక్కగా లేచింది. నేను ఛాయ్ తాగి, మీసం దువ్వుకుని బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్. “తమ్మీ, గీ మిషిన్ నన్ను పడుమంటాందిరా.”

“పడుమనుడేంది అక్కా?”

“రాసున్నది. ప... డు... కో. పడు అనే ఉన్నది. నేను పడ్డది సాలలేదా దీనికి?”

నాకు అర్థం కాలేదు. నా కంప్యూటర్‌లో తెరిచి చూశాను. ‘పండుకో’ లేదు. ‘పడుకో’ ఉంది. సున్నా పోయింది. పక్కన ‘అచ్చుతప్పు సరిదిద్దాము’ అని రాసి ఉంది. నేను ఫోన్‌లో అక్కకు వివరించాను. ఇది కూడా నిద్రపొమ్మనే మాటే, టీవీలో అంటారు కదా, అటు వైపు వాళ్లు ఇట్లా అంటారు అని చెప్పాను. అక్క అంతా విని, “నాకు తెల్వదనుకున్నవా? టీవీల ఇంటనే ఉన్న. కని పొద్దుమాపు నా చేతుల ఉండి నన్ను పడు పడు అంటుంటే నేనెట్ల లేస్తరా? ఇంట్ల ఎవరన్న గట్ల అంటరా?” అని మిషన్‌ను చెండు పక్కన గూట్లో పెట్టేసింది. సాఫ్ట్‌వేర్ కడుపులో ఉన్న ఆ మాటను నేనే మార్చుదామని తెరిస్తే లోపల చీమలబారు తప్ప ఏమీ కనబడలేదు. పాత విడతకు పోదామంటే అది లేవదు. ఒకదానికి మాట బాగుంది, లేవదు. ఇంకోదానికి లేవడం వచ్చు, మాట బాగాలేదు. ఈలోపు అక్క వేళ్లు మళ్లీ బిగుసుకోవడం మొదలైంది. తెల్లమేక తన్ని చెంబు పారేసిందట.

విచారిస్తే తేలింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు మాటలు చూసుకోవడానికి కొత్తగా ఒకతను కుదిరాడు. అతనూ ఊరికే చేస్తున్నాడు, అది ఒప్పుకోవాలి. కోస్తా వైపు మనిషి, ఇంజినీరు. అతనికి రాశాను. చాలా మర్యాదగా రాశాను. (నా మర్యాద సంగతి పైన చెప్పాను.) జవాబు వచ్చింది. “అచ్చుతప్పు దొర్లిందండి, సవరించాం. పండు అంటే ఫలం అనుకునే ప్రమాదం ఉంది. మీ సహకారానికి ధన్యవాదాలు.” నా సున్నా తీసుకుని నాకే ధన్యవాదాలు! మళ్లీ రాశాను. “పండు అంటే పండే అయితే పక్కన ‘కో’ ఎందుకున్నది? మామిడిపండు కోసుకొమ్మని మిషన్ చెప్తదా?” దానికి, “అందరికీ అర్థమయ్యే ప్రామాణిక రూపం ఉంటే బాగుంటుంది కదండీ” అని వచ్చింది. అందరిలో మేము లేమా? మా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జనమంతా నిద్రపోకుండా మేలుకొని ఉన్నారా? ఇక నేను రాసినదంతా ఇక్కడ పెడితే చదివేవాళ్లు పండుకుంటారు. బడిలో పిల్లప్పుడు నా మాట విని నవ్వినవాళ్లను, దుకాణానికి వచ్చి “ఏ ఊరు బాబూ మీది, మాట అట్లా ఉంది” అని అడిగినవాళ్లను, సినిమాల్లో మా మాటను తాగుబోతు నోట్లో పెట్టినవాళ్లను, అందరినీ ఆ ఒక్క సున్నాలో కూర్చోబెట్టి రోజూ రాశాను. అతను చివరికి, “మీ ఆవేదన అర్థమైంది. పరిశీలిస్తాం” అన్నాడు. నేను ఆగ్రహం పంపితే అతను ఆవేదన అని చదువుకున్నాడు. ఆ తర్వాత అతని దగ్గర నుంచి మాట లేదు.

పండక్కు సెలవు దొరికి వచ్చిన మేనల్లుడు నా రాతలన్నీ చదివి, తల పట్టుకుని, “మామా, నువ్వు మంచిగనే రాసినవ్. కని గింత సదివెటోళ్లు ఎవలు? ఉండు” అని కట్టంగూర్ పోయి, తల్లి చేతిలో మిషన్ పెట్టి, ఫోన్‌లో ఆమె గొంతు పట్టి ఆ ఇంజినీరుకు పంపాడు. నాకు తర్వాత వినిపించాడు. అందులో ముందు మేక అరుస్తుంది. తర్వాత అక్క. “ప... డు... కో. ఇన్నవా అయ్యా? నేను కొట్టం మెట్టు మీదికెల్లి పడ్డదాన్ని. ఇప్పుడు నీ మిషిన్ ఇంకోపారి పడుమంటాంది. మా తమ్ముడు నీకు రోజు రాస్తాండట, గాయినకు పని లేదు, ఏమనుకోకు. నాకు పనున్నది. మేకను పిండాలె, వేళ్లు వస్తలేవు. నీకు పుణ్యముంటది, గా సున్న నాకియ్యి. ఇచ్చి నువ్వు గూడ జర పండుకో, మా తమ్ముని రాతలతోని నీకు నిద్రున్నట్టు లేదు.” నేను రాసినదంతా ఒక పక్క, ఆ గొంతు ఒక పక్క. నాకు కోపం రావాలి. రాలేదు. మా అక్క అట్లా మాట్లాడుతుంటే విని, ఈమె మా ఇంటిదని ఛాతీ ఉబ్బింది.

జవాబు రాలేదు. కానీ కొత్త విడత వచ్చింది. దింపుకుని తెరిస్తే సున్నా ఉంది. ‘ప’ పక్కన గుండ్రంగా, ఎక్కడికీ పోనట్టు, అమాయకంగా కూర్చుని ఉంది. కార్డు జేబులో వేసుకుని కట్టంగూర్ బస్సెక్కాను. అక్క మిషన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, “పం... డు... కో” అని చదివి, ఇంకోసారి చదివి, “వచ్చిందిరా” అంది. గోడ కట్టుడు మళ్లీ మొదలైంది. చలికాలం దాటే వేళకు తెల్లమేక కింద కూర్చుని, నాలుగు వేళ్లతో పాలు తీసింది. చిటికెన వేలు ఇప్పటికీ వంగదు. “గది మొదటి నుంచి పనిచెయ్యని ఏలేరా, ఉంగరానికి తప్ప దేనికి రాదు” అని తీసిపారేసింది.

అయినా నాకు తృప్తి లేదు. అడక్కుండా తీశాడు, చెప్పకుండా పెట్టాడు. ఒక మాట రాయొద్దా? అదే రాసి పంపాను. ఇప్పుడు ఆ పాత రాతలన్నీ తీసి చదువుకుంటే, ఎవరీ ముసలాయన, సున్నా కోసం ఇంత రంది పెట్టుకున్నాడేమిటని నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యే లోపల, రాసేవాడు రాశాడులే, తప్పేముందని కూడా అనిపిస్తుంది. ఆ పట్టుదలతో కళ్లజోడు తుడుచుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ మనిషి, కొన్నేళ్ల కిందటి నేను, ఇప్పటి నాకంటే ఎంతో పడుచువాడుగా కనబడతాడు. అతనికి చివరకు ఒక రోజు జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

“తాతగారూ, ఆలస్యానికి క్షమించండి. పెద్దమ్మగారి గొంతు విన్న రోజే సున్నా పెట్టేశాను. ఇంట్లో అందరికీ వినిపించాను కూడా, ఇప్పుడు మా ఆవిడ నన్ను ‘జర పండుకో’ అనే అంటోంది. చిన్న ఇబ్బంది ఒక్కటే వచ్చింది. గుంటూరు నుంచి ఒక పెద్దాయన, ఆ సున్నా అచ్చుతప్పు, వెంటనే తీసెయ్యమని రోజూ రాస్తున్నారు. అచ్చం మీలాగే రాస్తారు, ఒక్క మాట తగ్గరు. ఇద్దరికి జవాబు రాసే ఓపిక నాకు లేదు. ఆయన్ను మీ దగ్గరికి పంపిస్తున్నాను. మీ వల్ల కాకపోతే పెద్దమ్మగారికి ఫోనివ్వండి.”